రొయ్యల గుంట గట్టు మీద 6 అంగుళాల టెలిస్కోపు: ఏడాది వాడాక రాస్తున్నా

కొన్నది 2025 మార్చిలో. 6 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు (చెక్క పెట్టె మీద పెట్టి చేత్తో తిప్పే రకం), ధర 38,000 రూపాయలు, రవాణా వేరే. కంపెనీ పేరు రాయడం లేదు. వాళ్లతో నాకు ఒక ఇబ్బంది జరిగింది, అది కింద చెప్తా. పేరు లేకపోయినా చదివేవాళ్లకు నష్టం లేదు. ఈ సైజు డాబ్సోనియన్లు ఎక్కువ భాగం ఒకే కొలతల్లో వస్తాయి. అద్దం 150 మిల్లీమీటర్లు, ఫోకల్ లెంగ్త్ 1200. 25 మిల్లీమీటర్ల ఐపీసు (కన్ను పెట్టి చూసే చిన్న కటకం) పెడితే 48 రెట్లు, 10 పెడితే 120 రెట్లు పెద్దదిగా కనపడుతుంది.

మాది ఇందుకూరుపేట మండలం. మైపాడు సముద్రానికి దగ్గర్లో మూడు రొయ్యల గుంటలున్నాయి. వనామీ రకం రొయ్య పెంచేవాళ్లకు రాత్రి 12 దాటాకే అసలు డ్యూటీ. నీళ్లలో ఆక్సిజన్ తెల్లవారుజామున 3కీ 5కీ మధ్య బాగా పడిపోతుంది. 4 పీపీఎం (పది లక్షల పాళ్లలో 4 పాళ్లు) పైన ఉంటే నిమ్మళం. 3 కంటే దిగితే రొయ్య పైకి తేలుతుంది. కరెంటు పోయి జనరేటర్ ఎక్కడం కాస్త ఆలస్యమైతే రెండు నెలల పంట తెల్లారేసరికి అడుగు పట్టి ఉంటుంది. మా నాన్న టైగర్ రొయ్య వేసే రోజుల్లో, 1995 ప్రాంతంలో, తెల్లమచ్చ రోగం తగిలి వారం తిరక్కుండా గుంట మొత్తం ఖాళీ అయింది. ఆ వారమంతా ఆయన గట్టు దిగలేదు, అన్నం కూడా అక్కడికే తీసుకుపోయేవాళ్లం. నీళ్లలో ఉన్న ఒక లోకం అట్లా పోవడం చిన్నప్పుడే చూసినవాణ్ణి కాబట్టి, ప్రపంచం పోతుందనే మాట నాకు ఎప్పుడూ తేలిగ్గా అనిపించలేదు.

మా నాయనమ్మ 1962లో అష్టగ్రహ కూటమి వచ్చినప్పుడు ఊళ్లో హోమాలు చేశారని, ఆ మూడు రాత్రులూ అందరూ గుడి దగ్గరే పడుకున్నారని చెప్పేది. ఏ కీడు వచ్చినా ఇది బ్రహ్మంగారు ముందే చెప్పిందే అనేది. 1979లో అమెరికా వాళ్ల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ పడుతుందన్నప్పుడు మా నాన్న కుర్రాడు. ఎట్లాగూ పోయేవాళ్లమే కదా అని కోళ్లన్నీ కోసుకొని తిన్నారంట. అది జులై 11న ఆస్ట్రేలియాలో పడింది. కోళ్లు పోయాయి, మనుషులు మిగిలారు. 2012 డిసెంబర్ 21న యుగాంతం అన్నది నాకే గుర్తుంది. అవన్నీ తప్పిపోయాయి కాబట్టి ఇక భయమే లేదని నేను అనుకోలేదు. ఏది నిజమో ఏది కాదో తేల్చుకునే సాధనం మా ఇంట్లో ఎప్పుడూ లేకపోయిందే అనేది నా బాధ.

2025 ఫిబ్రవరిలో వాట్సాప్ నిండా ఒకటే వార్త. చిలీలో ఒక టెలిస్కోపు 2024 డిసెంబర్ 27న ఒక రాయిని కనిపెట్టింది, పేరు 2024 వైఆర్4. అది 2032 డిసెంబర్ 22న భూమిని ఢీకొనే అవకాశం ఫిబ్రవరి 18కి 3.1 శాతానికి ఎక్కింది. పడితే ఎక్కడెక్కడ పడొచ్చో గీసిన గీత పసిఫిక్‌లో మొదలై ఆఫ్రికా, అరేబియా సముద్రం మీదుగా మన దేశం దాకా వచ్చింది. మా అమ్మాయి అప్పుడు ఎనిమిదో తరగతి. అన్నం కాడ కూర్చుని, "నాయనా, 2032కి నాకు 20 ఏళ్లు కదా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. ఆ రాత్రి గుంట కాడికి పోయి ఆకాశం కేసి చూస్తే, అన్నేళ్లు ఆ నక్షత్రాల కిందే కాపలా కాసి కూడా వాటిలో ఒక్కదాని పేరు చెప్పలేనని అర్థమైంది.

వారం తిరక్కముందే ఆ లెక్క సున్నాకి దగ్గరికొచ్చింది. నేను ఆర్డర్ పెట్టేనాటికి భయపడాల్సిన పనే లేదు. అయినా కొన్నా. ఆ శాతం ముందు ఎందుకు పెరిగింది, తర్వాత ఒక్కసారిగా ఎందుకు పడిపోయిందో మా అమ్మాయికి అలివి వలతో చెప్పా. వల దగ్గరికి లాగేకొద్దీ లోపల చోటు తగ్గుతుంది. చేప ఇంకా లోపలే ఉన్నంతసేపూ, ఇక దొరికినట్టే అని ప్రతి లాగుడుకీ నమ్మకం పెరుగుతుంది. ఒక్క లాగుడుకి చేప వల బయట ఉందని తేలితే లెక్క అక్కడితో సరి. అక్కడ వల అంటే ఆ రాయి దారి మీద మనకున్న అనుమానం, చేప అంటే భూమి. రాత్రి తర్వాత రాత్రి ఫొటోలు తీసేకొద్దీ వల చిన్నదైంది, భూమి బయటపడింది. అది విన్నాక ఆ పిల్ల నిద్రపోయింది.

ఇక వస్తువు సంగతి. పెట్టె మా ఊరికి రాలేదు, నెల్లూరులో దించేసి వచ్చి తీసుకుపొమ్మన్నారు. విప్పి చూస్తే లోపలి చిన్న అద్దాన్ని పట్టుకునే మూడు స్క్రూల్లో ఒకటి లేదు, గురి చూసుకునే చిన్న గొట్టం (ఫైండర్) పట్టుకునే బ్రాకెట్ విరిగి ఉంది. ఫోన్ చేస్తే 19 రోజులు జవాబు లేదు, ఆ తర్వాత వీడియో పంపమన్నారు, పంపితే మళ్లీ జవాబు లేదు. చివరికి నెల్లూరులో ఒక లేత్ షాపులో కొలత చూపించి స్క్రూ చేయించుకున్నా. బ్రాకెట్‌కి పీవీసీ పైపు ముక్క కోసి బిగించా. అంత డబ్బు తీసుకుని ఒక స్క్రూ పంపలేకపోవడం తప్పు. కొనేవాళ్లు పెట్టె విప్పేటప్పుడే వీడియో తీసుకోండి.

అద్దాలు సూటిగా లేకపోతే ఎంత ఖరీదైన టెలిస్కోపైనా నక్షత్రాన్ని తోకచుక్కలా చూపిస్తుంది. ఆ సూటి కుదర్చడం నేర్చుకోవడానికి నాకు నాలుగు రాత్రులు పట్టింది. ఇప్పుడు ఐదు నిమిషాల పని. తక్కినదంతా మోటర్లు, వైర్లు లేని చెక్క పెట్టె. చేత్తో తోస్తే తిరుగుతుంది, వదిలితే నిలబడుతుంది. ఈ పద్ధతి కనిపెట్టిన జాన్ డాబ్సన్ 1915లో చైనాలో పుట్టి, అమెరికాలో రామకృష్ణ సంప్రదాయం వాళ్ల వేదాంత మఠంలో 20 ఏళ్లకు పైగా సన్యాసిగా ఉన్నాడు. పాత ఓడల కిటికీ అద్దాలు అరగదీసి, అట్ట గొట్టాలు పెట్టి టెలిస్కోపులు చేసి, శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో దారిన పోయేవాళ్లను పిలిచి చంద్రుణ్ణి చూపించేవాడు. ఆ సంగతి తెలిశాక మా గట్టు మీదికి ఎవరొచ్చినా చూడకుండా పంపకూడదని నిర్ణయం చేసుకున్నా.

సరిగ్గా పనిచేసిన మొదటి రాత్రి శ్రీరామనవమి. ఇంటి నుంచి పానకం, వడపప్పు తెచ్చుకుని గట్టు మీద పెట్టాం. మా గుంటల కాపలా పెద్దాయన చాలాసేపు కన్ను పెట్టి చూసి, "ఏంది సామీ, చంద్రుడి ఒంటి నిండా ఈ గుంటలేంది?" అన్నాడు. ఎండ ఏటవాలుగా పడుతున్న చోట ఒక్కో గుంటకీ ఒకవైపు గట్టు తెల్లగా మెరుస్తా ఉంటే లోపల సిరా పోసినంత నల్లగా నీడ. కిందివైపు టైకో అనే గుంట, దాని నడిమధ్యలో చిన్న కొండ. వెడల్పు 85 కిలోమీటర్లు. నెల్లూరు నుంచి ఉలవపాడు దాకా ఒకే గుంట అని చెప్తే పెద్దాయన మళ్లీ వంగి చూశాడు. ఇంచుమించు 10 కోట్ల 80 లక్షల ఏళ్ల కిందట ఒక రాయి పడి అయిందది, చంద్రుడి పెద్ద గుంటల్లో చిన్న వయసుది. "ఇట్టాంటియి మన మీద పడలేదా?" అన్నాడు.

మంచి ప్రశ్న. మన మీదా పడ్డాయి. ఇక్కడ వాన, గాలి, సముద్రం మచ్చలు చెరిపేస్తాయి, అక్కడ అవేమీ లేవు. మహారాష్ట్రలో లోనార్ చెరువు 1.8 కిలోమీటర్ల వెడల్పున అట్లా పడిన రాయి గుంటే. 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట మెక్సికోలో పడిన 10 కిలోమీటర్ల రాయి 180 కిలోమీటర్ల గొయ్యి చేసింది, డైనోసార్లు దాంతోనే పోయాయి. దెబ్బ తగిలిన చోట ఉన్నవే పోలేదు. దుమ్ము లేచి ఎండ ఆగిపోయి, పచ్చదనం చచ్చి, తిండి లేక పోయాయి. వరసగా నాలుగు రోజులు మబ్బు పడితే గుంట నీళ్ల రంగు మారి ఆక్సిజన్ ఎట్లా పడిపోతుందో చూసే మాకు ఆ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. పెద్దాయన కూడా మబ్బు అనగానే తల ఊపాడు.

అంత పెద్ద రాళ్లలో భూమి దగ్గరికి వచ్చేవి దాదాపు అన్నీ ఇప్పటికే కనిపెట్టారు, దగ్గరి కాలంలో వాటిలో ఏదీ మన మీదికి రాదు. చిన్నవాటి మీదే ఇంకా కాపలా. 2013 ఫిబ్రవరి 15న రష్యాలో చెల్యాబిన్‌స్క్ మీద పేలిన రాయి 20 మీటర్లది, ఎవరికీ ముందు తెలియలేదు. వెలుగు చూసి ఏమిటా అని కిటికీల కాడికి పోయినవాళ్ల మీద అద్దాలు పగిలి 1,500 మంది దాకా గాయపడ్డారు. వైఆర్4 దాదాపు 60 మీటర్లది. అట్లాంటిది పడితే ఒక నగరానికి ముప్పు, ప్రపంచానికి కాదు. ఈ తేడా ఆ వాట్సాప్ వీడియోల్లో ఒక్కరూ చెప్పలేదు.

అపోఫిస్ అనే ఇంకో రాయి సంగతి నాకు వేరు. 2004 డిసెంబర్ 26, ఆదివారం, పౌర్ణమి. నాకు 24 ఏళ్లు. సముద్రం వెనక్కి పోయిందని పిల్లలు పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పారు. తర్వాత నీళ్లు కాలవ వెంట ఎదురెక్కి వచ్చాయి. మా గుంట గట్టు తెగి లోపలి నీళ్లు, బయటి నీళ్లు ఒకటైపోవడం నేను తాటిచెట్టు పట్టుకుని చూశా. మా తీరంలో పోయినవాళ్లున్నారు, వాళ్ల ఇళ్ల ముందు నుంచి ఇప్పటికీ రోజూ పోతా వస్తా ఉంటా. సరిగ్గా ఆ రోజుల్లోనే అపోఫిస్ అనే రాయి 2029లో భూమిని ఢీకొట్టే అవకాశం లెక్కలు కడుతున్నారు. డిసెంబర్ 27న అది 2.7 శాతానికి ఎక్కింది. అప్పటికి ఏ రాయికీ అంత రాలేదు. మేము బురదలో మనుషుల్ని వెతుక్కుంటా ఉంటే అమెరికాలో కొందరు ఆ రాయి పాత ఫొటోలు వెతికారు. ఆ మార్చిలో తీసిన ఫొటోల్లో అది దొరికింది, లెక్క సరిచేస్తే 2029 ముప్పు పోయింది.

ఇది చదివిన రోజు నాకు కోపం వచ్చింది, వాళ్ల మీద కాదు. ఆ రాయికి ఇంకా 25 ఏళ్ల టైం ఉంది. సునామీకి మనకు రెండు గంటలు పైనే టైం ఉండింది. సుమత్రా దగ్గర భూమి కదిలింది మన టైం ప్రకారం పొద్దున 6:29కి. అల మన ఒడ్డు తాకింది 9 గంటల ప్రాంతంలో. ఆ మధ్యలో మాకు చెప్పే ఏర్పాటు హిందూ మహాసముద్రం మొత్తానికి లేదు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం ఉంది, 2007 అక్టోబర్ నుంచి సునామీ హెచ్చరికలు అక్కడి నుంచే వస్తాయి. ఎక్కడో ఒకరు రాత్రంతా మేలుకుని తెర చూస్తా ఉన్నారని తెలిస్తే, అదే పని చేసే నాలాంటివాడికి ఎంత ధైర్యమో మాటల్లో చెప్పలేను.

మేలుకుని ఉండటమే కాదు, తోసేయడం కూడా నేర్చుకున్నారు. డైమార్ఫస్ అనే 160 మీటర్ల రాయిని నాసా వాళ్ల డార్ట్ అనే నౌక పోయి గుద్దింది. ఇంకో పెద్ద రాయి చుట్టూ అది తిరిగే 11 గంటల 55 నిమిషాల చుట్టు 32 నిమిషాలు తగ్గిపోయింది. అది 2022 సెప్టెంబర్ 26, మనకు 27 తెల్లవారుజాము 4:44. రోజూ నేను మీటర్ ముంచి ఆక్సిజన్ చూసే టైం. అప్పటికి నాకు ఈ ధ్యాస లేదు. ఉంటే ఫోన్లో లైవ్ చూసేవాణ్ణే.

ఈ టెలిస్కోపులో నాకు బాగా నచ్చింది చంద్రుడు కాదు, ఒక పొగ ఉంగరం. ఏప్రిల్ తెల్లవారుజామున 3 గంటలకు అభిజిత్ నక్షత్రం బాగా పైకి ఎక్కి ఉంటుంది. దాని కింద రెండు చిన్న చుక్కలు, ఆ రెంటి నడుమ 48 రెట్లలో వెతికితే సరిగ్గా నిలబడని చుక్క ఒకటి దొరుకుతుంది. 10 మిల్లీమీటర్ల ఐపీసు మార్చి, సూటిగా కాకుండా ఓరగా చూస్తే అది ఉంగరం అవుతుంది. చుట్ట తాగేవాళ్లు గాలి లేని రాత్రి వదిలిన పొగ చుట్టలా, అంచు మందంగా, మధ్య పల్చగా, రంగు లేకుండా. 2,000 కాంతి సంవత్సరాలకు పైగా దూరం. ముసలిదైపోయిన నక్షత్రం తన పైపొరలు ఊడ్చి వదిలేసిన గాలి అది. మన సూర్యుడికీ ఇంకో 500 కోట్ల ఏళ్ల తర్వాత జరిగేది అదే. దానికంటే చాలా ముందే, దాదాపు 100 కోట్ల ఏళ్లకు, ఎండ పెరిగి సముద్రాలు ఆవిరవుతాయి. బంగాళాఖాతం ఘోష వింటా ఆ ఉంగరం చూస్తే భయం వేయలేదు నాకు. ఇంత కాలం ఇచ్చి ఉన్నారే మనకు అనిపించింది. మా ఆవిడ చూసి, "సూర్యుడి పెద్దకర్మ ముందే చూసినట్టుంది" అంది. తర్వాత చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

మిగిలినవి త్వరగా చెప్తా. ఆరుద్ర కార్తె అని మనం వాన లెక్క చూసుకునే ఆరుద్ర నక్షత్రం పేలబోతుందని 2019 చివర్లో అది మసకబారినప్పుడు ప్రచారం జరిగింది. ఒకనాటికి పేలుతుంది, కానీ అది వందల కాంతి సంవత్సరాల దూరం, మనకు హాని లేదు. టెలిస్కోపులో నారింజ రంగు చుక్క, అంతే. గురుడి నాలుగు చంద్రుళ్లు అద్భుతంగా కనపడతాయి. శనిని చూద్దామని కొన్నవాళ్లు ఓపిక పట్టాలి. 2025 మార్చిలో ఉంగరాలు మనకు పక్కవాటుగా తిరిగాయి, పోయిన శరదృతువులో నేను చూసింది ఉసిరికాయకు చీపురుపుల్ల గుచ్చినట్టు సన్నటి గీత. ఏటేటా వెడల్పవుతుంది. సూర్యుడి వైపు మాత్రం ఫిల్టర్ లేకుండా ఎప్పుడూ తిప్పకండి, క్షణంలో కన్ను పోతుంది. పగలు మూత తీయకుండా పిల్లలకు అందనంత ఎత్తున పెట్టండి.

ఇది చూపించనిది కూడా రాయాలి. ఆకాశం నుంచి వచ్చే చావులకు కొలత ఉంది, తేదీ ఉంది, కాపలా ఉంది. అవి ఒక్కొక్కటీ చూసుకుంటా పోతే నా భయం చివరికి నేల మీదికి దిగింది. డార్ట్ గుద్దిన తేదీనే, సెప్టెంబర్ 26న, 1983లో, సోవియట్ వాళ్ల ఉపగ్రహం అమెరికా నుంచి ఒక అణు క్షిపణి బయల్దేరిందని చూపింది, తర్వాత ఇంకో నాలుగని చూపింది. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న స్టానిస్లావ్ పెత్రోవ్ నిజంగా యుద్ధమే మొదలుపెడితే ఐదు మాత్రమే పంపుతారా అని ఆలోచించి, ఇది తప్పుడు సూచన అని పైవాళ్లకు చెప్పాడు. ఎత్తైన మబ్బుల మీద పడిన ఎండ మెరుపును ఆ యంత్రం క్షిపణి అనుకుంది. పోయిన ఆగస్టులో మా మీటర్ 1.2 పీపీఎం చూపించింది. కుర్రాళ్లు మందు బస్తాలు కోసేయబోయారు. రొయ్య ఒక్కటి కూడా పైకి తేలలేదు, చెక్ ట్రేలో మేత తిని ఉంది. ఆగమని చెప్పి పక్క గుంటవాళ్ల మీటర్ తెచ్చి ముంచితే 4.6. మా మీటర్ పొర చినిగింది. నేను ఆపింది ఒక పంట ఖర్చు, ఆయన ఆపింది ఏమిటో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

పీపీఎం అనే మాట మాకు రోజూ నోట్లో ఉండేదే. గాలిలో బొగ్గుపులుసు వాయువు ఫ్యాక్టరీలు రాకముందు 280 పీపీఎం ఉండేది, ఇప్పుడు 420 దాటింది. గుంటలో ఏ అంకె అయినా అట్లా ఒకటిన్నర రెట్లు అయితే మేము ఆ రాత్రి ఇంటికి పోము.

వాడకం గురించి చివరి మాటలు. మా తీరంలో దీనికి పెద్ద శత్రువు మంచు, దాని తర్వాత ఉప్పు గాలి. జనవరిలో రాత్రి 11కే ఐపీసు మసకేస్తుంది, హెయిర్ డ్రయర్ తక్కువ వేడిలో పెట్టి ఆరబెడతా. గుడ్డతో తుడవకండి. ఏడాదికే పెద్ద అద్దం అంచున చిన్న మచ్చలు రెండు వచ్చాయి, ఇంకో మూడు నాలుగేళ్లకు పూత మళ్లీ వేయించాలేమో. వాడనప్పుడు రెండు వైపులా మూతలు పెట్టి, దుప్పటి చుట్టి, పైన టార్పాలిన్ కప్పి షెడ్డులో ఉంచుతా. మొంథా తుపాను రోజుల్లో ఇంటికి తెచ్చేశా. గొట్టం, పెట్టె కలిపి 16 కిలోలు, విడదీసి టీవీఎస్ ఎక్సెల్ మీద రెండు ట్రిప్పుల్లో తీసుకుపోతా. తూర్పు వైపు సముద్రం మీద ఆకాశం చిక్కటి నలుపు. పడమర నెల్లూరు వెలుగు, దక్షిణాన కృష్ణపట్నం పోర్టు దీపాలు ఇబ్బంది పెడతాయి. కావలి, కొత్తపట్నం వైపు ఒడ్డున ఉన్నవాళ్లకు నాకంటే మంచి ఆకాశం దొరకొచ్చు. వస్తువుకి ఐదుకి నాలుగున్నర, అమ్మినవాళ్ల సర్వీసుకి ఒకటి.

అపోఫిస్ 2029లో రానే వస్తుంది, తగలకుండా పోతుంది. ఆస్ట్రేలియా వైపు నుంచి హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా మీదుగా పోయి, మన టైం ప్రకారం ఏప్రిల్ 14 తెల్లవారుజామున 3:16కి అట్లాంటిక్ మీద ఉండగా భూమికి బాగా దగ్గరవుతుంది. దూరం 32,000 కిలోమీటర్లే, మన టీవీ ఉపగ్రహాలు తిరిగే ఎత్తు కంటే తక్కువ. ముందు రోజు చీకటి పడ్డప్పటి నుంచే దక్షిణం వైపు టెలిస్కోపు తిప్పి పెట్టి కూర్చోవాలని మా అమ్మాయి అంటోంది. దానికి అప్పటికి 17, ఇంటర్ పరీక్షలు అయిపోయి ఉంటాయి. కాపలా పెద్దాయన కూడా వస్తానన్నాడు. అలారం పెట్టుకోవాల్సిన పని లేదు, ఆ టైంకి మేమంతా ఎట్లాగూ గట్టు మీదే ఉంటాం.